పులుసుకు లొంగని ఇనుము: ఎనామిల్ పూసిన పోత ఇనుప పాత్రలు

పోత ఇనుముతో గిన్నె పోసి, దానికి లోపలా బయటా గాజుపూత కాల్చి అంటిస్తే తయారయ్యేది ఎనామిల్ పోత ఇనుప పాత్ర. దళసరి అడుగు, పొట్టి చెవులు, బరువైన మూత, మెరిసే రంగు దీని ఆనవాళ్లు. అమెరికావాళ్లు డచ్ ఓవెన్ అనీ, ఫ్రెంచివాళ్లు కొకోట్ అనీ పిలిచే ఈ గిన్నె ఈ మధ్య తెలుగు వంటిళ్లలోనూ కనిపిస్తోంది. మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్, నస్పూర్, గోదావరి అవతలి గోదావరిఖని లాంటి సింగరేణి బొగ్గు గనుల ఊళ్లకు ఇది వచ్చే దారులు రెండు: ఒకటి ఆన్‌లైన్ దుకాణం, రెండోది అమెరికాలో ఉన్న పిల్లల సూట్‌కేసు. విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా 23 కిలోలే అనుమతిస్తారు. అయిదారు కిలోల గిన్నె పెడితే అందులో నాలుగో వంతు దానికే పోతుంది. అంత బరువు మోసి తెచ్చినది అటకెక్కకుండా పొయ్యి ఎక్కాలంటే, అది ఏ వంటకు పనికొస్తుందో, ఏ వంటకు పనికిరాదో ముందే తెలిసి ఉండాలి.

తెలుగు ఇంటికి ఈ పాత్రతో అసలు పని పులుపు దగ్గరే. చింతపండు, టమాట, మామిడికాయ, గోంగూర, పెరుగు లేకుండా ఇక్కడ వారం గడవదు. ఉత్త ఇనుము పులుపుకు నల్లబడి కూరకు లోహపు రుచి తెస్తుంది. అల్యూమినియం కరుగుతుంది. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించకుండా పులుసు పెట్టకూడదని పాతకాలం ఇల్లాళ్లందరికీ తెలుసు. స్టెయిన్‌లెస్ స్టీలు తట్టుకుంటుంది కానీ పలచటి గిన్నె అయితే ఇట్టే అడుగంటుతుంది. వేడిని పట్టి ఉంచే ఇనుపమందం, పులుపుకు చలించని గాజుపూత ఒకేచోట దొరికేది ఎనామిల్ పోత ఇనుములోనే. కొనాలా వద్దా అన్న ప్రశ్నకు ఇంట్లో పులుసులు, మాంసం కూరలు ఎంత తరచుగా వండుతారన్నదే కొలమానం.

ఇనుము మీద గాజు

శుద్ధమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందులో రెండు నుంచి నాలుగు శాతం దాకా కర్బనం కలిస్తే సుమారు 1,200 డిగ్రీల దగ్గరే కరిగి నీళ్లలా పారుతుంది. ఇసుక అచ్చులో పోసి కావలసిన ఆకారం తీయడానికి వీలైన ఈ లోహమే పోత ఇనుము. కర్బనం వల్ల వచ్చిన వరం ఇది. శాపం కూడా ఆ కర్బనం వల్లే: పోత ఇనుము పెళుసు. కమ్మరి కొట్టిన ఇనుప మూకుడు కిందపడితే సొట్టపోతుంది, పోత ఇనుప గిన్నె షాబాద్ బండల మీద పడితే పగులుతుంది.

అచ్చులోంచి తీసిన గిన్నెను గరుకుగా శుభ్రం చేసి, మెత్తగా నూరిన గాజుపొడిని నీళ్లలో కలిపిన చిక్కటి ద్రవాన్ని దాని మీద చిమ్మి, ఆరబెట్టి, సుమారు 800 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. పొడి కరిగి గాజుపొరగా పరుచుకుంటుంది. సిలికా, బోరాక్స్, సోడా దీని ముఖ్య పదార్థాలు. ఇనుమును ఆనుకుని ఉండే మొదటి పూతలో కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు కలపడం రివాజు. గాజు లోహాన్ని గట్టిగా పట్టుకునేది వాటి వల్లే. పైపూతకు తెలుపు కావాలంటే టైటానియం డయాక్సైడ్ వాడతారు. పూత ఒకసారితో అయిపోదు, రెండు మూడు సార్లు వేసి కాలుస్తారు.

ఇనుము, గాజు వేడికి సమానంగా వ్యాకోచించవు. అందుకే చల్లారాక గాజు కాస్త ఒత్తిడికి లోనై ఇనుమును బిగించి పట్టుకునేలా పూత మిశ్రమాన్ని కుదురుస్తారు. మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారినంత కాలం ఈ జోడీకి ఢోకా లేదు. కాలుతున్న గిన్నెలో చన్నీళ్లు పోస్తే మాత్రం పైనున్న గాజు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, కిందనున్న ఇనుము ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ లాగులాటలో గాజు చిట్లుతుంది. ఈ పాత్ర వాడకంలోని జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

పోత ఇనుము వేడిని సమంగా పంచుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. దాని ఉష్ణవాహకత అల్యూమినియం వాహకతలో నాలుగో వంతు కూడా ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే మెరుగు, అంతే. బర్నర్ మంట తగిలే చుట్టు మొదట కాలుతుంది, అంచులు వెనకబడతాయి. దాని బలం మరోచోట ఉంది. బరువు ఎక్కువ కాబట్టి ఒకసారి ఎక్కిన వేడి త్వరగా దిగదు. చల్లటి మాంసం ముక్కలు వేసినా నూనె వేడి ఒక్కసారిగా పడిపోదు. మంట సన్నం చేసినా లోపల కుతకుత ఆగదు.

బొగ్గు, కుండలు, కంపెనీలు

పోత ఇనుప వంటపాత్ర చరిత్రలో బొగ్గుకు పెద్దపీట ఉంది. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ అనే ఆయన పొట్టగల ఇనుప కుండలను ఇసుక అచ్చుల్లో పోసే పద్ధతికి 1707లో పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్లకు, 1709లో, కోల్‌బ్రూక్‌డేల్‌లో కట్టెబొగ్గుకు బదులు రాక్షసిబొగ్గు నుంచి తీసిన కోక్‌తో ఇనుము కరిగించాడు. పారిశ్రామిక విప్లవ చరిత్ర రాసేవాళ్లు ఆవిరి యంత్రాలతో పాటు తలచుకునే ఆ కొలిమిలో మొదట్లో పోసిన సరుకులో వంటకుండలూ ఉన్నాయి.

శ్రీరాంపూర్ ఆర్కే గనుల నుంచి వచ్చే బొగ్గు ఆ జాతిది కాదు. గోదావరి లోయ బొగ్గు కోక్‌కు పనికిరాదు. అది రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్టీపీసీకి, శ్రీరాంపూర్‌కు దగ్గరలోనే జైపూర్ మండలంలో ఉన్న 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రానికి, సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. దేశంలో కోక్ బొగ్గుకు పేరుపడ్డ చోటు జార్ఖండ్‌లోని ఝరియా.

లోహం మీద గాజుపూత నగల పనిలో ప్రాచీనమైనదే. వంటపాత్రలకు దాన్ని పూయడం 18వ శతాబ్దంలో జర్మన్ ప్రాంతాల్లో మొదలైంది. అమెరికాలో జాన్ మైకేల్ కోలర్ 1883లో పోత ఇనుప పశువుల తొట్టికి ఎనామిల్ పూయించి స్నానపు తొట్టిగా అమ్మాడు. ఇప్పటికీ ఆ పేరుతో బాత్‌రూం సామాను దొరుకుతోంది. వంటింటి వైపు అసలైన మలుపు 1925లో వచ్చింది. పోతపనిలో ఆరితేరిన అర్మాన్ దెసాగెర్, ఎనామిల్ పని తెలిసిన ఒక్తావ్ ఒబెక్ అనే ఇద్దరు బెల్జియన్లు ఉత్తర ఫ్రాన్స్‌లోని ఫ్రెనోయ్-ల-గ్రాన్‌లో లె క్రూసె కంపెనీ పెట్టారు. కొలిమిలో కరిగిన ఇనుపరంగును తలపించే నారింజ రంగు వాళ్ల మొదటి గుర్తు. 1974లో ఫ్రాన్సిస్ స్టాబ్ అల్సాస్‌లో మొదలుపెట్టిన స్టాబ్ గిన్నెలకు లోపల గరుకైన నల్లపూత, మూత లోపలి వైపు చిన్న చిన్న మొటిమల్లాంటి పొడుపులు ఉంటాయి. ఆవిరి ఆ పొడుపులకు చేరి చుక్కలుగా కూర మీద పడుతుంది. అమెరికాలోని టెన్నెసీలో 1896 నుంచి పోత ఇనుము పోస్తున్న లాడ్జ్ ఎనామిల్ గిన్నెలను ఎక్కువగా చైనాలో చేయించి అమ్ముతూ, మధ్యతరగతికి అందేంత ధరకు తెచ్చింది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ పేరు బాగా వినిపించేది అందుకే.

తెలంగాణకు ఇనుము కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కత్తుల తయారీకి పర్షియా దాకా వెళ్లింది. ఉత్తర తెలంగాణలోని పాత కొలిమి దిబ్బలను 2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊరూరా తిరిగి నమోదు చేశారు. అయితే ఆ నైపుణ్యమంతా కొట్టి సాగదీసే ఇనుముది, ఉక్కుది. ఊరి కమ్మరి వంటింటికి ఇచ్చినవి మూకుడు, పెంక, గరిటె, కత్తిపీట. పులుసుల కోసం తెలుగువాళ్లు ఇనుము జోలికి పోకుండా వేరే దారులు వెతుక్కున్నారు: మట్టి అటికలు, రాతితో తొలిచిన రాచ్చిప్పలు, కళాయి వేసిన ఇత్తడి గిన్నెలు. రాచ్చిప్ప గుణాలు చూస్తే ఎనామిల్ గిన్నెకు అదే పెద్దక్క. బరువు, నిదానం, దించాక కూడా ఉడుకుతూ ఉండే పులుసు, పులుపుకు చెక్కుచెదరని ఒళ్లు, రెంటికీ సమానమే.

సింగరేణి క్వార్టర్లలో కథ ఇంకోలా నడిచింది. 1871లో ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త కింగ్ బొగ్గు జాడ పట్టడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం, గోదావరి రెండు ఒడ్లకూ గనులు విస్తరించడం తెలిసిన చరిత్రే. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి బాయి (గని) పనికి వచ్చిన కుటుంబాలు వెంట తెచ్చుకున్న మట్టి కుండలు బొగ్గు పొయ్యి సెగకు ఎక్కువ కాలం నిలవలేదు. బొగ్గు మంట కట్టెల మంటలా పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ లొంగదు. అల్యూమినియం గంజులు, బగోనలు, తర్వాత కుక్కర్లు ఆ చోటు తీసుకున్నాయి. గ్యాస్ పొయ్యి వచ్చాక మంట మళ్లీ చేతి అదుపులోకి వచ్చింది. సన్న మంట మీద గంటసేపు ఉడికించే వంటకు, అందుకు తగ్గ బరువైన గిన్నెకు ఇప్పుడు చోటు దొరికింది.

చేపల పులుసు, సర్వపిండి

గోదావరి పక్కన, శ్రీపాద ఎల్లంపల్లి జలాశయానికి దగ్గరలో ఉన్న ఊళ్లకు చేప కొరత లేదు. బొచ్చె, రవ్వ, వీలైతే 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను. ఈ పాత్ర సత్తా తేలేది చేపల పులుసులోనే కాబట్టి ఒకసారి దగ్గరగా చూడవచ్చు.

గిన్నెలో ముందే నూనె పోసి, మంట మధ్యస్థంగా పెట్టి, నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఒక మెంతిగింజ వేస్తే చుట్టూ సన్నగా నురగ కట్టి, మెల్లగా రంగు తిరగాలి. వేయగానే నల్లబడితే వేడి మించినట్టే. నూరిన ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ, పసుపు, కారం, ధనియాల పొడి వేగుతుంటే అడుగున గోధుమరంగు పొర అంటుకోవడం మొదలవుతుంది. చింతపండు రసం పోసి తెడ్డుతో గీరితే ఆ పొరంతా కరిగి పులుసులో కలుస్తుంది. రుచి చాలావరకు అక్కడే ఉంది. ఉత్త ఇనుప మూకుడులో ఇదే పని చేస్తే పులుపు ఇనుమును కూడా కరిగించుకొస్తుంది, పులుసు నల్లబడుతుంది. ఎనామిల్‌లో చింతపండు రంగు చింతపండు రంగుగానే ఉంటుంది.

పులుసు మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. చేప ముక్కలు చిదరకుండా తెలుగు ఇల్లాలు గరిటె పెట్టదు. గిన్నె అంచులను గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. ఆరు కిలోల గిన్నె, అందులో మూడు కిలోల పులుసు అలా తిప్పడం చాలామందికి అయ్యే పని కాదు. అందుకే చేపలకు లోతైన గిన్నె కంటే 28 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పుతో, తక్కువ లోతుతో ఉండే పాత్ర నయం. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో పరుచుకుంటాయి, తిప్పే అవసరమే రాదు. మూత పెట్టి పది నిమిషాలు సన్న మంట, ఆ తర్వాత పొయ్యి కట్టేసి మరో పది నిమిషాలు గిన్నె వేడికే వదిలేయడం. మర్నాటికి ఇంకా బాగుంటుందని పేరున్న ఈ కూరను వేడి తగ్గగానే, ఎక్కువసేపు బయట ఉంచకుండా, అదే గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, పులుపు పూతను ఏమీ చేయదు. మర్నాడు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. బయట కాసేపు ఉంచి, సన్న మంటతో మొదలుపెట్టాలి.

నాటుకోడి, మటన్, బోటి, తలకాయ కూర కూడా ఈ పాత్రకు అచ్చొచ్చిన వంటలే. మాంసంలోని గట్టి పీచు కరిగి జిగురుగా మారడానికి వేడి తీవ్రత కంటే వ్యవధి ముఖ్యం. కుక్కర్ ఆ పని అరగంటలో ముగిస్తుంది. బరువైన మూత కింద గంటన్నర పట్టినా, ముక్క చెదరదు, రసం చిక్కగా మిగులుతుంది. బగారా అన్నం, దమ్ బిర్యానీలకు మూత చుట్టూ పిండి అంటించడం, పైన రోలు బరువు పెట్టడం అక్కర్లేదు, మూత బరువే చాలు.

సర్వపిండి సంగతి వేరు. కరీంనగర్ వైపు గిన్నప్ప అని కూడా పిలిచే ఈ వంటకు బియ్యప్పిండి ముద్దను నూనె రాసిన గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తారు. దళసరి అడుగు కాబట్టి ఎనామిల్ గిన్నెలో మొదటి సర్వపిండి కరకరలాడుతూ చక్కగా వస్తుంది. రెండోదాని దగ్గరే ప్రమాదం. ఒకటి కాలిన వెంటనే గిన్నెకు చన్నీళ్లు తగిలించి చల్లార్చి, మళ్లీ పిండి అద్దడం ఇళ్లలో ఉన్న అలవాటు. ఎనామిల్ గిన్నెకు ఆ నీళ్లు తగిలితే పూత పగులుతుంది. దానంతటది చల్లారాలంటే చాలా సేపు పడుతుంది. ఇంటిల్లిపాదికీ సర్వపిండి చేయాలంటే పాత సర్వ గిన్నెను మించింది లేదు.

అన్నం కూడా అంతే. గంజి వంచే ఇళ్లలో ఈ గిన్నెను అన్నానికి వాడకపోవడమే మంచిది. గిన్నె, అన్నం, గంజి కలిసి పది కిలోల దాకా బరువు, పైగా చెవులు పొట్టివి, మూత పట్టుకోవడానికి పట్టు దొరకదు. చేతుల మీద గంజి పడే ప్రమాదం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు పాత గంజు గిన్నెనే నమ్ముకోవాలి. జొన్నరొట్టెకు, దోసెకు ఉత్త ఇనుప పెంకే సరి. ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద చాలాసేపు కాల్చవలసిన ఏ పనికీ గాజుపూత తగదు.

ఉత్త ఇనుప మూకుడును ఇంట్లోంచి పంపేయకూడదనడానికి మరో బలమైన కారణం ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఇనుప పాత్రలో వండిన కూరల్లోకి కొంత ఇనుము చేరుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అది మందుకు బదులు కాదు, కానీ ఉచితంగా వచ్చే చిన్న మేలు. ఎనామిల్ గిన్నె ఆ మేలు చేయదు, గాజు అడ్డం కదా. తోటకూర వేపుడు, బెండకాయ, పల్లీల పొడి ఇనుప మూకుడులో, పులుసులు ఎనామిల్‌లో అని పంచుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

కొనేటప్పుడు

మొదట చూడవలసింది అది నిజంగా పోత ఇనుమా కాదా అని. అదే ఆకారంలో, అదే రంగుల్లో నాన్‌స్టిక్ పూసిన పోత అల్యూమినియం గిన్నెలు బజారు నిండా ఉన్నాయి. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్తే అనుమానం తీరిపోతుంది. ఉత్త అల్యూమినియానికి అది అంటుకోదు. ఇండక్షన్ కోసం అడుగున ఉక్కు బిళ్ల అతికించిన రకాలు ఉంటాయి కాబట్టి అయస్కాంతాన్ని గిన్నె పక్కలకు ఆనించి చూడాలి. పలచటి ఉక్కురేకుకు ఎనామిల్ పూసిన గిన్నెలకూ అయస్కాంతం అంటుకుంటుంది కానీ, చేత్తో ఎత్తితే బరువే తేడా చెబుతుంది. ఇక ‘సీజనింగ్ చేసినది’ అని రాసి ఉన్న నల్లటి పాత్రలకు ఉన్నది నూనె కాల్చిన పొర మాత్రమే, గాజు కాదు.

నలుగురైదుగురున్న ఇంటికి 24 నుంచి 26 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు నుంచి అయిదున్నర లీటర్ల గిన్నె సరిపోతుంది. ఈ కొలతలో మూతతో కలిపి బరువు కంపెనీని బట్టి నాలుగున్నర నుంచి ఆరున్నర కిలోలు. బంధువులొస్తే పనికొస్తుందని ఏడెనిమిది లీటర్లది కొన్నవాళ్లకు అది ఎత్తడమే కష్టమవుతుంది. ఇంట్లో రోజూ వంట చేసేది ఎవరో, వాళ్ల మణికట్టుకు ఎంత శక్తి ఉందో చూసి కొలత నిర్ణయించాలి. కొనేముందు దుకాణంలో ఆ గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పోసినంత బరువు ఊహించుకుని, వంట చేసేవాళ్లే రెండు చేతులా ఎత్తి చూడటం మేలు. బర్నర్లు గుండ్రంగా ఉంటాయి కాబట్టి కోడిగుడ్డు ఆకారపు గిన్నెలు మన పొయ్యిలకు అనవసరం.

లోపలి పూత తెల్లగా ఉంటే తాలింపు రంగు కంటికి కనిపిస్తుంది, మాడకుండా ఆపవచ్చు. పసుపు మరకలు కూడా కనిపిస్తాయి. నల్లటి గరుకు పూత మరకలు దాస్తుంది, మాంసం వేపడానికి బాగుంటుంది, కానీ మెంతులు ఎప్పుడు మాడాయో తెలియదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు తెలుపే నయం. పూతలో సూదిమొనంత బొక్కలు, బుడగలు ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూడాలి. అంచు చుట్టూ పూత పలచగా, నల్లగా ఉండటం మామూలే, అది లోపం కాదు. చెవుల్లో మడతపెట్టిన గుడ్డతో సహా నాలుగు వేళ్లు పట్టాలి. మూత పైన పిడి ప్లాస్టిక్ జాతిదైతే ఓవెన్‌లో పెట్టేవాళ్లకు ఉపయోగం తగ్గుతుంది, స్టీలు పిడి అయితే దిగులుండదు.

ఎరుపు, నారింజ, పసుపు రంగుల గాజుపూతల్లో కాడ్మియం సమ్మేళనాలు వాడటం పాత పద్ధతి. పేరున్న తయారీదారులు ఆ రంగును బయటికే పరిమితం చేసి, లోపలికి తెలుపో నలుపో వాడతారు. పూత నుంచి సీసం, కాడ్మియం లాంటివి ఆహారంలోకి దిగుతాయా అని పరీక్షించడానికి ఐఎస్ఓ 4531 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అట్టపెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా లేకుండా, లోపల కూడా ఎర్రగా మెరిసే గిన్నె ఎంత చవకగా దొరికినా పిల్లలు తినే కూర అందులో వండకూడదు.

ఫ్రెంచి కంపెనీల గిన్నె ధర పదుల వేలల్లో ఉంటుంది, చైనాలోనూ మన దేశంలోనూ తయారయ్యేవి కొన్ని వేల రూపాయలకు వస్తాయి. పూత నునుపు, అంచుల మన్నికలో తేడా ఉంటుంది. వండిన కూర రుచిలో తేడా పట్టుకోవడం కష్టం. వారానికి రెండుసార్లు వాడే ఇంటికి మధ్యరకం చాలు.

మంట, గరిటె, గ్యాసు

బరువైన గిన్నె గ్యాసు తాగేస్తుందన్నది శ్రీరాంపూర్‌లోనే కాదు, ఎక్కడైనా వినిపించే మాట. లెక్క వేసి చూస్తే అది నిలవదు. అయిదున్నర కిలోల ఇనుమును గది వేడి నుంచి 95 డిగ్రీలకు చేర్చడానికి దాదాపు 165 కిలోజౌళ్లు కావాలి. పొయ్యి సగం వేడిని వృథా చేసినా, ఆ పనికి ఖర్చయ్యేది ఏడెనిమిది గ్రాముల గ్యాసు. 14.2 కిలోల సిలిండర్‌లో అది లెక్కలోకి రాదు. అసలు ఖర్చు ఎక్కువసేపు ఉడికించడంలో ఉంది. మటన్‌కు కుక్కర్ కంటే ఇది తప్పకుండా ఎక్కువ గ్యాసు వాడుతుంది. ఆ తేడాను తగ్గించే ఉపాయం మూత తీయకపోవడం, మరగడం మొదలైన వెంటనే సిమ్‌లో పెట్టడం, దించడానికి పది నిమిషాల ముందే కట్టేయడం.

మంట ఎప్పుడూ మధ్యస్థం దాటకూడదు. గిన్నె అడుగు దాటి మంట పక్కలకు పాకితే చెవులు కాలుతాయి, పూత రంగు మాసిపోతుంది. ఇండక్షన్ పొయ్యి మీద పోత ఇనుము బాగా పనిచేస్తుంది. కాకపోతే కాయిల్ ఉన్న మేరకే అడుగు వేడెక్కుతుంది కాబట్టి మొదటి అయిదు నిమిషాలు తక్కువ అంకె మీదే ఉంచాలి. గాజు పలక మీద గిన్నెను జరపకుండా ఎత్తి పెట్టాలి, లేకపోతే గీతలు పడతాయి.

చెక్క తెడ్డు, సిలికాన్ గరిటె దీనికి తగినవి. స్టీలు గరిటె తగిలితే బూడిదరంగు గీతలు పడతాయి. వాటిని చూసి పూత పోయిందని కంగారు పడనవసరం లేదు. ఎక్కువసార్లు అవి గాజు మీద అంటుకున్న స్టీలు మరకలే, బేకింగ్ సోడా ముద్దతో రుద్దితే పోతాయి. అసలు హాని చేసేది అలవాటుగా గరిటెను గిన్నె అంచుకు టకటకా కొట్టి దులపడం. ఆ అంచు దగ్గర పూత అన్నిటికంటే పలచన.

మూడు షిఫ్టులు నడిచే ఊళ్లో భోజనం వేళలు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి. గిన్నె వేడిని పట్టి ఉంచుతుంది కదా అని సెకండ్ షిఫ్టు దిగి అర్ధరాత్రికి వచ్చే మనిషి కోసం సాయంత్రం వండిన మాంసం కూరను అలాగే మూతపెట్టి వదిలేయడం మంచిది కాదు. గోరువెచ్చటి కూరలోనే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఎండలు 45 డిగ్రీలు దాటే రామగుండం, మంచిర్యాల వేసవిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. గంటలోపు తినేట్టయితే గిన్నె వేడి సాయం చేస్తుంది. అంతకు మించితే వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మనిషి వచ్చాక మళ్లీ మరిగించడమే సరైన పద్ధతి.

కడగడం, దాచడం

గిన్నె చల్లారేదాకా నీళ్లు తగలనివ్వకూడదు. తర్వాత మామూలు సబ్బు, కొబ్బరి పీచు లేదా మెత్తటి స్పాంజి చాలు. ఇనుప పీచు, స్టీలు స్క్రబ్బర్ గాజు నునుపును పాడుచేస్తాయి. నునుపు పోయిన చోట కూర మరింత అంటుకుంటుంది. అడుగు మాడితే రెండు చెంచాల బేకింగ్ సోడా వేసిన నీళ్లను పది పదిహేను నిమిషాలు సన్నగా మరిగించి చల్లారనిస్తే పెచ్చులు వాటంతటవే ఊడతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో లోపల తెల్లటి సున్నపు పొర కడుతుంది, నిమ్మరసంతో తుడిస్తే పోతుంది.

తెల్లటి పూత మీద పసుపు మరక పడితే చాలామంది బాధపడతారు. దానికి సబ్బు కంటే ఎండ మంచి మందు. పసుపులోని రంగు పదార్థం వెలుతురుకు విరిగిపోతుంది. కడిగిన గిన్నెను మధ్యాహ్నం డాబా మీద బోర్లించకుండా ఉంచితే సాయంత్రానికి మరక వెలిసిపోతుంది. తీసుకొచ్చాక గిన్నె చల్లారేదాకా నీళ్లు పోయకూడదు, శ్రీరాంపూర్ ఎండకు ఇనుము చేయి పెట్టలేనంత కాలుతుంది.

పూత పలచగా ఉండే అంచుకు కడిగిన ప్రతిసారీ తడి తుడిచి, అప్పుడప్పుడు నూనె గుడ్డతో రాస్తే తుప్పు రాదు. మూతను నేరుగా బోర్లిస్తే అంచుకు అంచు తగిలి పెచ్చు లేస్తుంది. మధ్యలో గుడ్డ మడత పెట్టాలి. గిన్నెను ఎత్తయిన అరలో పెట్టడం రెండు విధాల తప్పు: దించేటప్పుడు నడుముకు, జారితే కాళ్లకు ప్రమాదం. పొయ్యి గట్టు కిందో, గట్టు మీదే ఒక మూలనో దాని చోటు.

బయటి వైపు పూత చిన్నగా పెచ్చు లేస్తే వాడకానికి ఇబ్బంది లేదు, ఆ చోట నూనె రాస్తూ ఉంటే చాలు. లోపల లేస్తే విషయం వేరు. బయటపడ్డ ఇనుము తుప్పు పట్టడం సమస్యలో చిన్న భాగం. పగులు అంచుల నుంచి సన్నటి గాజు ముక్కలు కూరలోకి రాలే అవకాశం పెద్ద భాగం. అలాంటి గిన్నెను వంటకు మానేయాలి. ఇంట్లో మళ్లీ పూత వేయడం కుదరదు, దానికి 800 డిగ్రీల కొలిమి కావాలి. బజారులో సీసాల్లో దొరికే అతుకు పూతలు స్నానపు తొట్లకు ఉద్దేశించినవి, వంటగిన్నె లోపల వాడకూడదు. తయారీ లోపం వల్ల పూత ఊడితే పెద్ద కంపెనీలు హామీ కింద మార్చి ఇస్తాయి. కిందపడి పగిలినా, చన్నీళ్లకు చిట్లినా ఇవ్వవు. విదేశంలో కొన్న గిన్నెకు అక్కడి హామీ ఇక్కడ చెల్లుతుందో లేదో పంపే పిల్లలు కొనేటప్పుడే అడిగి, బిల్లు ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది.